దిద్దని హోంవర్కు: బడిని ఏమని అడగాలి, ఎలా అడగాలి

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పాపో బాబో రాత్రి కూర్చుని హోంవర్కు రాస్తారు. పొద్దున నోటుబుక్కు ఇస్తారు, సాయంత్రం తిరిగొస్తుంది. లోపల రైటు లేదు, ఇంటూ లేదు, ఒక్క మాట లేదు. నెల్లాళ్ళు ఇదే వరస. చివరికి మనకి ఓపిక నశిస్తుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో "ఈ బడిలో హోంవర్కులు దిద్దేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని పెట్టేస్తాం. అక్కడితో పని చెడిపోతుంది. గంటలోపే ఆ మెసేజి స్క్రీన్‌షాట్ టీచరు చేతిలో ఉంటుంది. ఇక మీరు కలిసినప్పుడు ఆవిడ మాట్లాడేది పిల్లవాడి చదువు గురించి కాదు, తన పరువు గురించి.

మొదటే ఒక మాట చెప్పేస్తాను. బడిని అడగాల్సింది "ఎందుకు దిద్దలేదు" అని కాదు. "మా పిల్ల చేసిన తప్పు ఆ పిల్లకి ఎప్పుడు తెలుస్తోంది, తెలిశాక ఏం చేస్తోంది" అని. మొదటిది అడిగితే మర్నాటి నుంచి పేజీకో టిక్కు పడుతుంది, అంతకు మించి ఏమీ మారదు. రెండోది అడిగితే టీచరు తన పద్ధతి చెప్పాల్సి వస్తుంది. పద్ధతి లేకపోతే ఆ సంగతి ఆవిడకే తెలిసొస్తుంది.

ఇప్పుడు, "దిద్దలేదు" అన్న ఒక్క మాట కింద వేరువేరు సంగతులున్నాయి. పుస్తకం అసలు తీసుకోకపోవడం ఒకటి. తీసుకుని, లోపల ఏమీ పెట్టకుండా కింద పొట్టి సంతకం చేసి ఇవ్వడం ఇంకొకటి. టీచరు జవాబులు బోర్డు మీద రాస్తే పిల్లలే టిక్కులు పెట్టుకోవడం ఒకటి, పక్కవాళ్ళతో పుస్తకాలు మార్చుకుని దిద్దుకోవడం ఒకటి. ఆన్‌లైన్లో చేసిన పనైతే మార్కులు కంప్యూటరే వేస్తుంది, టీచరు రాసిన మాట పిల్లల లాగిన్లో ఎక్కడో ఉంటుంది, మనం తెరిచి చూడం. దిద్దారు గానీ మూడు వారాల తర్వాత అన్నది మరొకటి. ఇక, ఎక్కువమంది గమనించనిది ఇంకోటుంది, నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది అదే: తప్పు జవాబుకి రైటు పడటం. ఖాళీ పేజీ పిల్లకి ఏమీ చెప్పదు. తప్పుకి రైటు పడితే మాత్రం ఆ తప్పే సరైనదని టీచరు ఒప్పుకున్నట్టు. మీరు ఇంట్లో ఎంత చెప్పినా "మేడం రైటు పెట్టారు" అంటుంది. దాని ముందు మీ మాట చెల్లదు.

పిల్లలే దిద్దుకోవడాన్ని చాలామంది టీచరు బద్ధకం అనుకుంటారు. అది సరికాదు. అభ్యాసం కోసం ఇచ్చిన లెక్కలకి, పదాలకి, మర్నాడే జవాబులు చూసుకుని సరిచేసుకోవడం పది రోజుల తర్వాత పడే ఎర్ర ఇంకు కన్నా మేలు. తప్పెక్కడ జరిగిందో పిల్లకి ఇంకా గుర్తుంటుంది కాబట్టి. కాకపోతే ఒక షరతు: ఎవరికి ఏ లెక్క తప్పిందో టీచరు అడిగి తెలుసుకోవాలి. "ఆరో లెక్క ఎంతమందికి తప్పింది, చేతులెత్తండి" అంటే చాలు. ఆ ఒక్క మాట లేకపోతే అది దిద్దడం కాదు, జవాబుల డిక్టేషను.

సరే, బడికి వెళ్ళే ముందు ఇంట్లో చేయాల్సిన పని. నాలుగు వారాలు నోటు చేయండి. ఒక్క కాగితం మీద, ఒక్క సబ్జెక్టుకే. పని ఇచ్చిన తేదీ, మనవాళ్ళు ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, దాని మీద ఏముంది, తప్పులు మళ్ళీ సరిచేసి రాశారా లేదా. ఈ అయిదు గడులు చాలు. నాలుగు వారాలే ఎందుకంటే, రెండు వారాలైతే పరీక్షలు, సెలవులు, టీచరుకి జ్వరం లాంటివి అడ్డొచ్చాయని చెప్పడానికి వీలుంటుంది, చాలాసార్లు అది నిజం కూడా. మరీ మూడు నెలలు కూడబెట్టి తీసుకెళ్తే "ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు" అంటారు.

నోటు చేసేటప్పుడు తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ముందు పుస్తకం దగ్గరే. రఫ్ నోటుబుక్కు చూసి అసలుది ఖాళీగా ఉందనుకునే తల్లిదండ్రులు తక్కువేం కాదు. విడి వర్క్‌షీట్లు బడిలోనే ఫైలు చేసి ఉంచుతారు, ఇంటికి రావు. పుస్తకాలు తీసుకున్న రోజు మనవాడు బడికి వెళ్ళలేదేమో హాజరు చూసుకోండి. ఇంకొకటి, చెప్పడానికి కాస్త ఇబ్బందే: పిల్లలు అసలు ఇవ్వకపోవచ్చు. "ఇచ్చాను, మేడం దిద్దలేదు" అనడం "ఇవ్వలేదు" అనడం కన్నా సులువు. నిలదీయకండి, ఊరికే "ఎవరు తీసుకున్నారు, ఏ రోజు, ఏ పీరియడు" అని అడగండి. జవాబు తడబడితే మీ ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది, బడిలో నవ్వులపాలు కాకుండా బయటపడతారు.

(సభలో నవ్వులు)

వేరే రెండు సబ్జెక్టుల పుస్తకాలు కూడా ఒకసారి తిరగేయండి. అన్నిట్లో ఇదే పరిస్థితైతే తప్పు ఒక్క టీచరుది కాదు, అది బడి పద్ధతి. అప్పుడు వెళ్ళాల్సిన గది కూడా మారుతుంది.

ఇప్పుడు టీచరు వైపు లెక్క చూద్దాం. ఒక సబ్జెక్టు టీచరుకి అయిదు సెక్షన్లు, సెక్షనుకి 40 మంది అనుకోండి. మొత్తం 200 పుస్తకాలు. ఒక్కో పుస్తకానికి 3 నిమిషాలు పెట్టినా 600 నిమిషాలు, అంటే 10 గంటలు. ఒక్క హోంవర్కుకి! వారానికి మూడు హోంవర్కులిస్తే 30 గంటలు. క్లాసులు చెప్పి, పాఠాలు తయారు చేసుకుని, ఆ పైన 30 గంటలు ఏ మనిషికీ కుదరవు. కాబట్టి "ప్రతి పని, ప్రతి తప్పు దిద్దాలి" అన్న కోరికకి రెండే ఫలితాలు: తూతూమంత్రం టిక్కులు, లేదా హోంవర్కు మానేయడం. ఈ లెక్క టీచర్లని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. ఏది అడిగితే దొరుకుతుందో మీకు తెలియాలని చెబుతున్నాను.

దిద్దడం వల్ల ఎంత లాభం అన్న ప్రశ్న మీద పరిశోధనలున్నాయి, అవి కాస్త ఆశ్చర్యంగానే ఉంటాయి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లల్ని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి మార్కులు మాత్రమే, ఒక గుంపుకి వ్యాఖ్యలు మాత్రమే, మూడో గుంపుకి రెండూ. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు. రెండూ అందుకున్నవాళ్ళు కూడా మార్కులు మాత్రమే వచ్చినవాళ్ళలాగే మిగిలారు. అంకె కనబడితే కళ్ళు అక్కడే ఆగిపోతాయి, కింద రాసింది ఎవరూ చదవరు. పెద్దవాళ్ళం మనం మాత్రం ఏం చేస్తాం, ముందు అంకే కదా చూస్తాం? 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకు జరిగిన ప్రయోగాలు చాలావాటిని కలిపి లెక్కగట్టారు. చేసిన పని ఎలా ఉందో చెప్పడం (ఫీడ్‌బ్యాక్) వల్ల సగటున మేలే జరిగింది గానీ, మూడో వంతుకి పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. 2016లో ఇంగ్లండులోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే విద్యా పరిశోధన సంస్థ, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులతో కలిసి ప్రత్యేకంగా నోటుబుక్కులు దిద్దడం మీదే సమీక్ష చేసింది. గట్టి ఆధారాలు చాలా తక్కువగా ఉన్నాయని ఒప్పుకుంటూనే కొన్ని సంగతులు తేల్చింది: ఊరికే చూసినట్టు పెట్టే గుర్తు వల్ల పిల్లల చదువు ముందుకు సాగే అవకాశం తక్కువ. దిద్దింది చదువుకుని సరిచేసుకోవడానికి క్లాసులో సమయం ఇవ్వకపోతే, దిద్దినా పెద్దగా ఉపయోగం ఉండదు. తక్కువ పనులు దిద్దినా బాగా దిద్దడం మంచిది.

అదే సమీక్షలో ఇంకో మాట ఉంది, అది తల్లిదండ్రులకి చాలా పనికొస్తుంది. పొరపాటు వేరు, అర్థం కాకపోవడం వేరు. ఏడెనిమిదులు యాభై నాలుగు అని ఒక్కచోట రాసి, మిగతా చోట్ల సరిగ్గా రాస్తే అది పొరపాటు. ఇంటూ పెడితే చాలు, పిల్ల తనే దిద్దుకుంటుంది. కానీ సగం, మూడో వంతు కలిపితే 2/5 అని రాసిందనుకోండి. పైవి రెండూ కూడింది, కిందవి రెండూ కూడింది. అలాంటి లెక్కలన్నిట్లోనూ అదే చేసింది. పది ఇంటూలు పెట్టినా అది పోదు. సగం కన్నా 2/5 చిన్నది కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని ఎవరో ఒకరు కూర్చుని అడగాలి. మీరు బడికి తీసుకెళ్ళాల్సింది ఈ రెండో రకం తప్పు. "అయిదు పేజీలు దిద్దలేదు" అనే ఫిర్యాదు కన్నా "ఈ ఒక్క తప్పు మూడు వారాలుగా అలాగే వస్తోంది" అనే ఫిర్యాదుకి బలం ఎక్కువ. ఏ టీచరూ దాన్ని కొట్టిపారేయలేరు.

బడికి హోంవర్కు, దిద్దుబాటు మీద రాతపూర్వక నియమం ఉందేమో ఆఫీసులో అడగండి. బడి డైరీ మొదటి పేజీల్లోనో వెబ్‌సైటులోనో ఉండొచ్చు. చదివేటప్పుడు మాటలు చూడండి. "చూస్తాం" అని ఉందా, "దిద్దుతాం" అని ఉందా? వివరంగా దిద్దేది ఎన్ని వారాలకోసారి? వాళ్ళు రాసుకున్న దానికీ జరుగుతున్న దానికీ ఉన్న తేడాయే మీ ఫిర్యాదు. మీరు కోరుకున్న దానికీ జరుగుతున్న దానికీ ఉన్న తేడా కాదు. అలాంటి నియమం ఏదీ లేదంటే, అడిగిన తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత అదే ఒక ప్రశ్న అవుతుంది.

ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలి? సబ్జెక్టు టీచరు దగ్గరికే. నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్తే ఆయన చేసే మొదటి పని ఆ టీచరుని పిలిచి అడగడం. మీరు వారం పోగొట్టుకుంటారు, టీచరుతో మాటా పోగొట్టుకుంటారు. గేటు దగ్గర, ఇంటికెళ్ళే హడావుడిలో, నలుగురి ముందు అడగొద్దు. పిల్లతో చెప్పి పంపొద్దు. పెద్దవాళ్ళ మధ్య మాట మోసే పని పిల్లకి పెడితే, అక్కడొక రకంగా ఇక్కడొక రకంగా చేరుతుంది. డైరీలోనో ఈమెయిల్లోనో నాలుగు వాక్యాలు రాయండి. ఇలా:

"నమస్కారం మేడం. ఆరో తరగతి బి సెక్షనులో చదువుతున్న ఫలానా పాప వాళ్ళ అమ్మను. గత నాలుగు వారాల్లో ఎనిమిది గణితం హోంవర్కులు చూశాను, అయిదింటి మీద దిద్దిన గుర్తు కనబడలేదు, తేదీలు కింద రాశాను. భిన్నాల కూడికలో ఒకే తప్పు మూడు పనుల్లో వచ్చింది. ఈ పనులు క్లాసులో ఎలా సరిచూస్తున్నారో, ఈ తప్పు విషయంలో ఇంట్లో మేమేం చేయాలో తెలుసుకోవాలనుంది. వచ్చే వారం మీకు వీలైన రోజు పది నిమిషాలు సమయం ఇవ్వగలరా?"

ఇందులో "మీరు దిద్దడం లేదు" అన్న మాట లేదు చూశారా. "గుర్తు కనబడలేదు" అని ఉంది. మీకు కచ్చితంగా తెలిసింది అంతే. క్లాసులో నోటితో చెప్పి ఉండొచ్చు, ఆవిడకి ఆ మాట చెప్పుకునే దారి మీరు మూసేయలేదు. ఇంకా "మేమేం చేయాలి" అని ఉంది, అది మర్యాద కోసం పెట్టింది కాదు. జవాబు వస్తే నిజంగా చేయాలి. పని రోజులు అయిదు గడిచినా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అదే మెయిలు కింద, అదే గొంతుతో.

కలిసినప్పుడు పుస్తకం, ఆ ఒక్క కాగితం తీసుకెళ్ళండి. సంచి నిండా పుస్తకాలు వద్దు. మూడు ప్రశ్నలు చాలు. క్లాసులో ఎలా సరిచూస్తున్నారు? తప్పులు సరిచేసుకోవడానికి సమయం ఎప్పుడిస్తున్నారు? వివరంగా దిద్దేవి ఏవి, ఎన్నాళ్ళకోసారి? చెప్పింది అక్కడే రాసుకోండి. లేచే ముందు ఒక తేదీ అనుకోండి. ఇంటికెళ్ళాక అదే సాయంత్రం రెండు వాక్యాల మెసేజి: "ఇవాళ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. రెండు వారాలకో పని వివరంగా దిద్దుతామన్నారు, తప్పులు సరిచేసి రాయించే బాధ్యత మేం తీసుకుంటామన్నాం." ఇది రాయకపోతే నెల తర్వాత ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు.

జవాబులు ఎలా వస్తాయో కూడా కాస్త ముందే తెలుసు. "మీవాడు అల్లరి చేస్తాడండి" అంటారు. చేయొచ్చు. "దాని గురించి కూడా మాట్లాడదాం మేడం, ముందు ఇది పూర్తిచేద్దాం" అనండి. "ఇంకెవరూ అడగలేదే" అంటారు. దానికి జవాబు అక్కర్లేదు, పుస్తకం తెరవండి. "సమయం చాలడం లేదు" అంటే అది నిజాయితీగా వచ్చిన మాట, దాన్ని వాడుకోండి: "అయితే పనులు తగ్గించి, ఉన్నవాటిలో ఒకటి వివరంగా చూడగలరా?" తల్లిదండ్రులే హోంవర్కు తగ్గించమంటే టీచరు కాదనే సందర్భం తక్కువ. "పరీక్షలో చూస్తాం కదా" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. పరీక్షలో తప్పు బయటపడేటప్పటికి దాని మీద ఇంకో రెండు పాఠాలు కట్టి ఉంటాయి.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఆగండి, మళ్ళీ అదే కాగితం మీద నోటు చేయండి. ఒక మోసపు మెరుగుదల ఉంటుంది, జాగ్రత్త: వెనకటి పేజీలన్నిటికీ ఒకే రాత్రి, ఒకే పెన్నుతో, ఒకే వాలులో టిక్కులు. అప్పుడు తప్పు జవాబున్న పేజీ వెతకండి. దానికీ రైటు ఉంటే ఎవరూ చదవలేదని అర్థం. నిజమైన మార్పు పేజీలో ఎర్రదనంలో కనబడదు, పిల్ల సరిచేసి రాసిన వరసలో కనబడుతుంది.

మార్పు రాకపోతే క్లాసు టీచరు లేదా ఆ సబ్జెక్టు బాధ్యుల దగ్గరికి, ఆ తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి, ఆ పైన యాజమాన్యం దగ్గరికి. ప్రతి మెట్టు దగ్గరా కింది మెట్టులో ఏం జరిగిందో తేదీలతో రాయాలి. ఉత్తరం ఒక్క పేజీ దాటొద్దు, కోరిక ఒక్కటే ఉండాలి. "ఆ టీచరుని మార్చండి" అని రాస్తే బడి మొత్తం ఆవిడ పక్కన నిలబడుతుంది. "మీ నియమంలో రాసిన ప్రకారం జరిగేలా చూసి, ఫలానా తేదీలోగా మాకు తెలియజేయండి" అని రాస్తే జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళాలనుకుంటే ఇద్దరే మాట్లాడండి. ఎవరి పిల్ల పుస్తకం గురించి వాళ్ళే చెప్పండి, "అందరూ అంటున్నారు" అనొద్దు.

ఇంట్లో మరో తప్పు జరుగుతుంది, ప్రేమతోనే జరుగుతుంది. బడికి పంపే ముందే మనం తప్పులన్నీ దిద్దేసి, చెరిపించి, నీటుగా రాయిస్తాం. టీచరు దగ్గరికి తప్పుల్లేని పుస్తకం వెళ్తుంది. ఆవిడ పిల్లకి పాఠం వచ్చేసిందనుకుని ముందుకెళ్ళిపోతారు. దిద్దకండి. తప్పున్న వరస పక్కన మార్జినులో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టండి. పిల్ల తనే మళ్ళీ చూసుకుంటే సరే, లేకపోతే తప్పు అలాగే బడికి వెళ్ళనివ్వండి.

ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: అడిగితే మా పిల్లని క్లాసులో వేరుగా చూస్తారేమోనని భయమండి.)

ఆ భయం ఉండటం సహజమే. అందుకే మొదటి మాట టీచరుతో, విడిగా, ఆరోపణ లేకుండా అన్నాను. పెద్ద తరగతుల పిల్లలైతే మీరేం రాస్తున్నారో ముందే చూపించండి, వద్దంటే ఎందుకో వినండి. కలిసి వచ్చాక రోజూ "మేడం ఏమన్నా అన్నారా" అని గుచ్చి గుచ్చి అడగొద్దు, లేనిది కూడా ఊహించుకుంటారు. నిజంగానే క్లాసులో మాట అన్నారని తెలిస్తే ఆ మాట, తేదీ రాసి పెట్టుకోండి. అది హోంవర్కు ఫిర్యాదులో కలపకండి. అది వేరే ఉత్తరం, నేరుగా ప్రిన్సిపాల్‌కి.

(ప్రశ్న: టీచరు సెలవులో ఉన్నారు, రెండు నెలలుగా ఎవరెవరో వచ్చి చెబుతున్నారు. ఎవర్ని అడగాలి?)

వచ్చిపోయే టీచర్లని అడిగి లాభం లేదండి, వాళ్ళకి పాత పుస్తకాలు తెలియవు. ఇక్కడ నేరుగా ప్రిన్సిపాల్‌నే అడగొచ్చు. ఈ సబ్జెక్టు పుస్తకాలు చూసే బాధ్యత ఇప్పుడు ఎవరిది, ఆ పేరు రాసివ్వండి అనండి. కొత్త టీచరు కుదిరాక మొదటి వారంలోనే మీ కాగితం జిరాక్సు ఒకటి ఇవ్వండి, ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ వస్తున్న ఆ ఒక్క తప్పు కింద గీత గీసి.